మామయ్య బ్రేకుకి కట్టిన గంట

తౌనో మామయ్య దగ్గర కారు నేర్చుకోవడం కన్నా ఎలుగుబంటి చేత తల దువ్వించుకోవడం నయమని హోయికా ఊళ్ళో అందరూ అనేవారు. అన్నవాళ్ళలో ఆయన సొంత భార్య కెర్తు అత్తయ్య కూడా ఉంది. అయినా హిల్పా ఆయన దగ్గరే నేర్చుకుంది. పట్నంలో డ్రైవింగ్ స్కూలుకి రోజూ వెళ్దామంటే బస్సు లేదు, బస్సు లేదు కాబట్టే కారు నేర్చుకోవాలి. ఎటు తిరిగినా ఆ దారి వచ్చి మామయ్య గుమ్మం ముందే ఆగేది.

ఇంట్లోవాళ్ళే నేర్పుతామంటే సర్కారు ఊరికే ఒప్పుకోదు. నేర్పేవాడు ముందు తానొక పరీక్ష రాయాలి. జీవితమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మామయ్య ఆ పరీక్ష మొదటిసారి తప్పాడు. రెండోసారి ఎలాగో గట్టెక్కి, వాళ్ళిచ్చిన కాగితానికి ఫ్రేము కట్టించి ఆవిరి స్నానం గదిలో మేకుకి తగిలించాడు. అక్కడైతే వచ్చినవాళ్ళు కదలకుండా కూర్చుని తీరిగ్గా చదవక తప్పదని ఆయన ఆలోచన.

తర్వాత పాత ఎర్ర కారులో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు పెడల్ బిగించారు. వెనక్కి చూసుకోవడానికి ఆయనకి విడిగా ఓ అద్దం, కారు వెనక నేర్చుకుంటున్నారని చెప్పే తెల్ల ముక్కోణం. ఆ ముక్కోణం కనపడితే చాలు, ఊళ్ళోవాళ్ళు పక్కకి తప్పుకునేవారు. అది హిల్పా మీద భయమో మామయ్య మీద భయమో ఎవరూ తేల్చి చెప్పలేదు.

హిల్పాకి ముప్పై దాటి నాలుగేళ్ళు. ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మందులు వేసి, కట్లు మార్చి, వాచిన కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడిగి వచ్చే ఉద్యోగం. వేసవిలో సైకిలు మీద తిరిగేది. చలికాలం వస్తే ఒక కాలితో నేలను తన్నుకుంటూ జారిపోయే స్లెడ్జి బండి. ఊరు చిన్నది కాబట్టి ఇన్నాళ్ళూ అలా నడిచిపోయింది. డిసెంబరు నుంచి సరస్సు అవతలి ఊళ్ళని కూడా ఇందులో కలిపేస్తున్నారు. లైసెన్సు ఉన్నవాళ్ళకే ఈ పని అని పైనుంచి కబురొచ్చింది.

అందరికన్నా ముందు బెంగ పడింది ఊరి బయట, సరస్సు పక్క ఇంట్లో ఉండే ఐలి బామ్మ. ఆవిడకి చూపు పోయి చాలా కాలమైంది. గుమ్మం ముందు స్లెడ్జి గీరుకున్న చప్పుడు వినపడితేనే లేచి కాఫీకి నీళ్ళు పెడుతుంది. కొత్తవాళ్ళు వస్తే తలుపు తియ్యనని ముందే తేల్చి చెప్పేసింది. అన్న మాట మీద నిలబడే మనిషి, నిజంగానే తియ్యదు. అందుకని హిల్పాకి లైసెన్సు కావాలి, అదీ నవంబరు వెళ్ళేలోగా. పరీక్షకి ఒక్క రోజే దొరికింది, నెలాఖరు గురువారం. అది పోతే మళ్ళీ క్రిస్మస్ తర్వాతే.

మొదట్లో అంతా నల్లేరు మీద నడకలాగే సాగింది. గేర్లు తొందరగానే పట్టుబడ్డాయి. ఇక బ్రేకు సంగతైతే, తనకి పుట్టుకతోనే వచ్చిందేమో అనుకుంది హిల్పా. మలుపు వస్తోందంటే కారు మాలిమైన గుర్రంలా దానంతట అదే నెమ్మదించేది. ఆమె పాదం వెళ్ళేసరికి పెడల్ సగం దిగిపోయి మెత్తగా ఉండేది. ఈ కారు బ్రేకు తీరే అంత కాబోలనుకుంది.

అక్టోబరు చివర్లో ఒకరోజు కొట్టు దగ్గరి కూడలికి వస్తున్నారు. ముందు ఆగమని బోర్డు. సరిగ్గా అప్పుడే మామయ్య చేతిలోని యాలకుల బన్ను జారి కాళ్ళ దగ్గర పడింది. ఆయన వంగి సీటు కింద తడుముకుంటున్నాడు. కారు నెమ్మదించలేదు. హిల్పా పాదం బ్రేకు మీదకి వెళ్ళింది. పెడల్ ఎప్పుడూ ఉండే చోట లేదు. పైకి, గట్టిగా, ఎవరిదో వేరే కారుదిలా ఉంది. ఆమె తడబడి తొక్కేలోపు కారు బోర్డు దాటి రోడ్డులోకి సగం దూరిపోయి ఆగింది. పాల వ్యాను ఒకటి హారను మోగించుకుంటూ ముందు నుంచి పక్కకి కోసుకుని పోయింది.

"బ్రేకుకేమయింది మామయ్యా?" అడిగింది.

ఆయన పైకి లేచి బన్ను మీది దుమ్ము ఊదుకున్నాడు. "బ్రేకుకేం, దివ్యంగా ఉంది. నువ్వు తొక్కలేదు, అంతే."

"తొక్కాను. గట్టిగా ఉంది. ఎప్పుడూ అలా ఉండదు."

బన్ను కొరకబోతున్న మామయ్య నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆ నోరు చూడగానే హిల్పాకి సంగతంతా అర్థమైపోయింది.

"ఇన్నాళ్ళూ నువ్వే తొక్కుతున్నావా?"

"ఎప్పుడూ కాదే అమ్మడూ. అవసరమైనప్పుడు."

"అవసరం ఎప్పుడవుతుంది?"

"నువ్వు నడుపుతున్నప్పుడు."

వేరే రోజైతే హిల్పా పడీపడీ నవ్వేది. ఆరోజు నవ్వలేదు. పరీక్ష పెట్టే అధికారి కాలు కింద కూడా ఇలాంటి పెడలే ఉంటుంది. అధికారి దాన్ని ఒక్కసారి తొక్కితే పరీక్ష అక్కడితో సరి. పరీక్ష ఒకెత్తు. డిసెంబరులో సరస్సు రోడ్డు మీద ఒంటరిగా పోయేటప్పుడు పక్క సీట్లో మందుల సంచీ ఉంటుంది. మందుల సంచీ బ్రేకు తొక్కదు కదా.

ఆ సాయంత్రం షెడ్డులో వెతికి ఒక పాత గంట పట్టుకొచ్చింది. కెర్తు అత్తయ్య నాన్నగారికి రెయిన్‌డీర్ల మంద ఉండేది. ముందు నడిచే దాని మెడలో కట్టే ఇత్తడి గంట అది. మామయ్య వైపు పెడల్ కాడకి, కాలికి అడ్డం రాకుండా, కింద పడకుండా తీగతో బిగించి కట్టింది. ఆమె వైపు బ్రేకు తొక్కితే ఆయన పెడల్ కదలదు. ఆయన తొక్కితే మాత్రం గంట మోగి తీరాలి.

మర్నాడు మామయ్య ఆ గంటని చూసి, చివరికి నన్ను మందలో కలిపేశావన్నమాట అని చేత్తో కొమ్ములు పెట్టుకుని చూపించాడు. బయల్దేరారు. ఉత్తరాల డబ్బాల దగ్గర గంట మోగింది. అమాయకంగా మెట్ల మీద పడుకున్న పిల్లిని చూసి మోగింది. పిల్లలు కట్టిన మంచు మనిషిని చూసి కూడా మోగింది. ప్రతిసారీ మామయ్య రోడ్డు మీద గుంతని తిట్టాడు. ఆ గుంతలన్నీ ఆయన ఉద్యోగం చేసిన రోడ్డు మీదివే. గంట మోగిన రోజు స్నానం గదికి నీళ్ళు మోసి పొయ్యి రాజెయ్యడం ఆయన వంతు, మోగకపోతే హిల్పా వంతు అని పందెం వేసుకున్నారు. వారం పొడుగునా మామయ్య నడుం పట్టుకుని నీళ్ళు మోశాడు.

ఉన్నట్టుండి ఒకరోజు గంట మోగలేదు. మర్నాడూ మోగలేదు. బ్రేకు మళ్ళీ మెత్తబడింది. అలవాటు పడ్డ పాదానికి అలాగే అనిపిస్తుంది కాబోలనుకుంది హిల్పా. బకెట్లు మోస్తూ ఈల వేసుకుంది. ఐలి బామ్మ పాదాలకి మేజోళ్ళు తొడుగుతూ, నాకు వచ్చేసింది బామ్మా, మామయ్య కాలు కూడా కదపడం లేదని గొప్పలు చెప్పుకుంది.

పరీక్షకి ముందురోజు, బుధవారం మధ్యాహ్నం, కారు శుభ్రం చేస్తోంది. మంచు మరకలు పట్టిన చాపలు లాగి దులిపేటప్పుడు మోచెయ్యి గంటకి తగిలింది. గంట ఊగింది. చప్పుడు రాలేదు.

హిల్పా వేలు పెట్టి చూసింది. లోపల మెత్తగా ఏదో ఉంది. లాగితే బూడిద రంగు ఉన్ని ఉండ బయటికొచ్చింది. కెర్తు అత్తయ్య మామయ్యకి అల్లే మేజోళ్ళ ఉన్ని అది.

వంటింట్లోకి వెళ్ళి గంటనీ ఉన్ని ఉండనీ కాఫీ కప్పుల మధ్య పెట్టింది. కెర్తు అత్తయ్య ఆ ఉన్నిని చూసింది, మొగుడి కాళ్ళ వైపు చూసింది, కాఫీ కెటిల్ని ఆయనకి అందనంత దూరం జరిపింది. గంటకి జలుబు చేస్తుందని కప్పానని మామయ్య ఏదో అనబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన ముఖంలోంచి ఆ వేళాకోళం మెల్లగా జారిపోయింది. పరీక్ష దగ్గర పడేకొద్దీ నువ్వు బిగుసుకుపోతున్నావు, కాస్త ధైర్యం వస్తుందని అలా చేశానని గొణిగాడు.

"ధైర్యం వచ్చింది మామయ్యా," అంది హిల్పా. "బ్రేకు వెయ్యడమే రాలేదు."

ఆమె గోడకున్న కారు తాళం తీసింది. ఐలి బామ్మకి సాయంత్రం కళ్ళ మందు వెయ్యాలి, ఎలాగూ వెళ్ళాలి. పొద్దుట్నుంచి గడ్డకట్టిన రోడ్డు మీద సన్నగా వాన పడుతోందని, పనుంటే తప్ప బయటికి రావద్దని రేడియోలో చెబుతున్నారని కెర్తు అత్తయ్య గుర్తు చేసింది. పనుంది అత్తయ్యా అంది హిల్పా. ఇలాంటి రోడ్డు మీద స్లెడ్జి అసలు నిలవదు. వచ్చే నెలలో ఇలాంటి సాయంత్రాలే వస్తాయి, అప్పుడు పక్కన ఎవరూ ఉండరు. ఇవాళైతే కనీసం ఒకరుంటారు.

కారులో కూర్చున్నాక మామయ్య బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. కాళ్ళు రెండూ సీటు మీద మడిచి కూర్చుంటానన్నాడు.

"వద్దు. కాలు పెడల్ దగ్గరే ఉంచు. ప్రాణం మీదకి వస్తే తొక్కు. అంతకన్నా ముందు మాత్రం తొక్కకు."

"ఆ రెండిటికీ మధ్య ఎంత జాగా ఉంటుందో తెలుసా నీకు?"

"తెలీదు. నువ్వెప్పుడూ చూడనివ్వలేదుగా."

మామయ్య మళ్ళీ బూట్ల తాళ్ళు కట్టుకున్నాడు. హిల్పా గంటని మళ్ళీ తీగతో బిగించింది, ఈసారి వేలితో కొట్టి మోగుతోందని చూసుకుంది. దిగి కిటికీల మీది మంచు ఆఖరి గీత వరకూ గీకేసి వచ్చింది, బెల్టు పెట్టుకుంది, అద్దాలు చూసుకుంది. చీకటి పడుతోంది.

రోడ్డు తడిగా ఉందనిపిస్తుంది చూస్తే. అది తడి కాదు. తారు మీద గాజు పోత పోసినట్టు అద్దం మంచు, దాని పైన వాన నీళ్ళు. మేకుల టైర్లు పట్టు కోసం కరకరలాడుతున్నాయి. వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, ఊరు దాటగానే తిన్నటి రోడ్డు మీద హిల్పా ఒకసారి మెల్లగా బ్రేకు నొక్కి చూసింది. పెడల్ పైనే ఉంది, గట్టిగా. కారు ఆలోచించుకుని, తీరిగ్గా, ఆమె అనుకున్నదానికన్నా చాలా దూరం పోయి నెమ్మదించింది. హిల్పా వేగం ఇంకా తగ్గించేసింది. గంట మోగలేదు. ఆయన నోరు మూసుకుని కూర్చోవడం ఆ రోడ్డు కన్నా భయంగా ఉంది.

సరస్సు పక్కకి వచ్చేసరికి వెనక అద్దం తెల్లగా వెలిగిపోయింది. దుంగల లారీ. దాని దీపాలు ఎంత దగ్గరికి వచ్చాయంటే కారు లోపల మామయ్య నీడ ముందు అద్దం మీద పడింది. హిల్పా భుజాలు చెవుల దాకా లేచిపోయాయి. కుడి పాదం తనకి తెలియకుండానే యాక్సిలరేటర్ మీద బరువెక్కింది. వెనకవాడు తోస్తే కారుని వాడే నడుపుతున్నట్టు అని మామయ్య ఎప్పుడూ అనేవాడు. ఇప్పుడు మాత్రం ఆయన ముందుకే చూస్తున్నాడు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు.

హిల్పా పాదం తేలిక చేసింది. కొంచెం ముందు బస్సు ఆగే జాగా ఉంది. చాలా ముందుగానే సిగ్నల్ వేసి, గేరు తగ్గించి, మెల్లమెల్లగా పక్కకి జరిగి అందులోకి దూరింది. లారీ భూమి అదిరేలా పక్కనుంచి పోయింది. పోతూ పోతూ బురద మంచు తట్టెడు తీసుకొచ్చి ముందు అద్దం మీద కుమ్మరించింది. ఒక్క క్షణం ముందు ఏమీ లేదు, బూడిద రంగు గోడ తప్ప. వైపర్లు రెండు మూడుసార్లు కొట్టాక రోడ్డు మళ్ళీ కనపడింది. ఆమె చేతులు చెమటపట్టాయి. గ్లౌజులు తీసేసి ఒళ్ళో పెట్టుకుని, వెనక చూసుకుని మళ్ళీ రోడ్డెక్కింది.

దూరంగా లారీ వెనక దీపాలు ఎర్రగా పోతున్నాయి. ఉన్నట్టుండి అవి మూడుసార్లు మిణుకుమన్నాయి. ఆ పక్కనుండే లారీవాళ్ళు వెనకవాళ్ళకి అలా చెబుతారు, ఏదో ఉంది చూసుకోమని. హిల్పా పాదం యాక్సిలరేటర్ మీంచి తీసేసింది. అంతలోనే కుడి పక్క మంచు గట్టు మీంచి బూడిద రంగు ముద్ద ఒకటి కిందికి దూకింది.

రెయిన్‌డీర్. రోడ్డు మధ్యకి వచ్చి, కారు దీపాల వైపు తల తిప్పి, అక్కడే నిలబడింది.

హిల్పా బ్రేకు తొక్కింది. ఈసారి మెల్లగా కాదు, కాలు పొడవంతా పెట్టి. పెడల్ ఒక్కసారిగా ఆమె పాదాన్ని ఎదురు తన్నింది. గడగడా వణుకుతూ, కింద ఏదో ప్రాణమున్నది గిజగిజలాడుతున్నట్టు తంతూనే ఉంది. బ్రేకు విరిగిపోయిందనుకుంది హిల్పా. పాదం వెనక్కి తీసేద్దామని మోకాలు అప్పుడే పైకి లేచింది కూడా.

మంచు మీద నడిపే పాఠం ఆమెకి పట్నంలో తెర ముందు కూర్చోబెట్టి చెప్పారు, వీడియో గేమ్ లాగ. అక్కడి పెడల్ చచ్చిన చేపలా ఊరుకునేది. కానీ పాఠం చెప్పినాయన ఒక మాట అన్నాడు. నిజం కారులో ఇది తంతుంది, అది తన పని చేస్తోందని గుర్తు, భయపడి వదిలారో అయిపోయారు అని. ఆరోజు హిల్పా ఆవులిస్తూ విన్నది. ఆ మాట ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో, వచ్చి మోకాలి మీద కూర్చుంది.

పాదం తియ్యలేదు. ఇంకా నొక్కింది. కారు బరబరమంటూ జారుతోంది, కానీ తిన్నగా జారుతోంది. స్టీరింగు మాట వింటోంది. రెయిన్‌డీర్ కళ్ళు రెండు పచ్చని దీపాల్లా దగ్గరికి, ఇంకా దగ్గరికి వస్తున్నాయి. పక్కన గంట మోగుతుందని హిల్పా చెవులు ఎదురు చూస్తున్నాయి. మోగితే బాగుండునని కూడా అనిపించింది, ఒక్క క్షణం, సిగ్గు లేకుండా. మోగలేదు.

రెయిన్‌డీర్ తోక ఊపి, ఎవరో పిలిచినట్టు ఎడమ పక్కకి తీరిగ్గా నడిచి వెళ్ళిపోయింది. రోడ్డు ఖాళీ అయింది. కారు ఇంకా కదులుతూనే ఉంది. అమ్మయ్య అని పాదం వదలబోయింది హిల్పా. కానీ ఒంటరిగా తిరిగే రెయిన్‌డీర్‌ని పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎక్కడ చూసింది? వదల్లేదు. పెడల్ ఆఖరిసారి తన్ని ఊరుకుంది. కారు ఆగింది.

అప్పుడు వచ్చాయి మిగతావి. గట్టు మీంచి ఒకదాని వెనక ఒకటి దూకి, బానెట్‌కి చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, పెళ్ళికి పోతున్న చుట్టాల్లా తోసుకుంటూ దాటాయి. అన్నిటికన్నా వెనక ఒక పిల్ల. అది మంచు మీద కాలు జారి, కారు ముందే మోకాళ్ళ మీద పడి, లేచి, పరిగెత్తింది.

హిల్పా అత్యవసర దీపాలు వేసింది. వెనక ఎవరూ రావడం లేదని చూసుకుంది. ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు గంట మోగింది. గట్టిగా కాదు. సన్నగా, ఆగకుండా, గాలికి ఊగినట్టు. హిల్పా తిరిగి చూసింది. మామయ్య బూటు పెడల్ మీదే ఉంది. ఆయన కాలు తొడ నుంచి మడమ దాకా గజగజ వణుకుతోంది. రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఆపబోతున్నాడు, ఆగడం లేదు.

"మోగింది," అన్నాడు ఆయన. "ఓడిపోయాను. నీళ్ళు నేనే మోస్తాను."

"కారు ఆగాక మోగితే లెక్కలోకి రాదు మామయ్యా."

గంట సన్నగా మోగుతూనే ఉంది.

"ఎందుకు తొక్కలేదు?" అడిగింది హిల్పా.

"తొక్కుదామనే చూశాను. నీ కాలు అప్పటికే అక్కడుంది." ఆయన ముక్కు చీదుకున్నాడు. "నేనైతే ఆ లారీ దీపాలు మిణుకుమన్నప్పుడే తొక్కేసేవాణ్ణి. నువ్వు గాభరా పడకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు తీశావు, అంతే. చూశాను."

ఐలి బామ్మ గుమ్మం ముందు కారు ఆపితే తలుపు తెరుచుకోలేదు. కారు చప్పుడైతే నాకెవరూ తెలీదు, వెళ్ళిపోండని లోపలినుంచి కేక వినపడింది. హిల్పా గొంతు విని కూడా నమ్మలేదు. స్లెడ్జి లేకుండా నువ్వెలా హిల్పావి అని నిలదీసింది. తలుపు సందులోంచి చెయ్యి అందిస్తే, వేళ్ళు తడిమి చూసుకున్నాకే లోపలికి రానిచ్చింది. కళ్ళ మందు వేస్తుంటే, ఇవాళ నీ చెయ్యి చల్లగా ఉందేమిటని అడిగింది. మామయ్య కాఫీ తాగి, ఇంటికెళ్ళి నీళ్ళు మోశాడు.

గురువారం పొద్దున్న పట్నంలో పరీక్ష ఆఫీసు ముందు పార్కింగులో ఎర్ర కారు ఆగింది. పరీక్ష పెట్టే ఆవిడ పొడుగ్గా ఉంది, ముఖం మూసిన కొట్టులా ఉంది. కూర్చుని బెల్టు పెట్టుకుని, కాలు పెడల్ దగ్గర పెట్టుకోబోయి కిందకి చూసింది.

"ఇదేమిటి?"

హిల్పా చూసి గుడ్లు తేలేసింది. రాత్రి తాను విప్పి వంటింట్లో పెట్టిన గంట మళ్ళీ పెడల్ కాడకి వేలాడుతోంది, ఈసారి ఎర్ర రిబ్బను కట్టుకుని. కిటికీలోంచి చూస్తే మామయ్య ఆఫీసు మెట్ల దగ్గర థర్మాస్ మూత విప్పుతూ ఆకాశం వైపు చూస్తున్నాడు.

చెప్పకుండా దాచే ఓపిక హిల్పాకి లేదు. నేర్పినవాడు బ్రేకు తొక్కితే తెలియాలని కట్టానని, ఇక్కడికి తెచ్చింది మాత్రం తాను కాదని ఉన్నదున్నట్టు చెప్పింది. విప్పేస్తానని వంగబోయింది.

"ఉండనివ్వండి," అంది ఆవిడ. "నాకూ తెలియాలి."

పట్నంలో రోడ్ల మీద ఇసుక చల్లారు, అయినా మలుపుల దగ్గర మెరుస్తూనే ఉంది. హిల్పా ప్రతి బోర్డు దగ్గరా తన పాదంతో తానే ఆగింది. పెడల్ ప్రతిసారీ పైనే, గట్టిగా ఉంది. ఇప్పుడది వేరే ఎవరిదో కారుదిలా లేదు. స్కూలు దగ్గర తెల్లగీతల మీదకి ఒకావిడ పిల్లల బండి తోసుకుంటూ వచ్చి, వెళ్ళాలా ఆగాలా అన్నట్టు తటపటాయించింది. హిల్పా కంటి చివర్లో పక్కనున్న బూటు కొంచెం పైకి లేచింది. రిబ్బను ఊగింది. హిల్పా అప్పటికే బ్రేకు మీద ఉంది. కారు గీతలకి బాగా ఇవతలే నిలిచిపోయింది. పిల్లల బండి దాటింది, దాని వెనకే ఇంకో పిల్ల పరిగెత్తుకుంటూ దాటింది. ఆ రెండోదాని కోసం కూడా హిల్పా ఆగే ఉంది. బూటు మెల్లగా కిందికి దిగింది. గంట మోగలేదు.

పార్కింగులోకి వచ్చి ఇంజను ఆపాక ఆవిడ ముందు తన వైపు తలుపు తెరిచింది. దిగబోతూ ఆగి, ఏదో అనుమానం వచ్చినట్టు కింద గంట వైపు చూసింది. బూటు కొనతో పెడల్ని ఒక్కసారి గట్టిగా తొక్కింది.

గంట ఖణేలుమంది. పార్కింగంతా వినపడింది.

"మోగుతోంది," అంది ఆవిడ తృప్తిగా. "లోపల ఏదైనా కుక్కారేమో అనుకున్నాను. బాగా నడిపారు. లోపలికి రండి, కాగితం తీసుకుందురుగాని."

మెట్ల దగ్గర మామయ్యకి ఆ మాటలేవీ వినపడలేదు. వినపడింది గంట ఒక్కటే. కప్పు నోటి దగ్గర ఆగిపోయింది. కాఫీ కోటు మీద ఒలుకుతున్నా చూసుకోవడం లేదు. మెల్లగా మెట్టు మీద, తడి మంచులోనే కూలబడ్డాడు.

హిల్పా అద్దంలోంచి అదంతా చూసింది. తలుపు తీసి పరిగెత్తి చెప్పెయ్యాలని ఉంది. చెప్పొచ్చు. కానీ ముందు బెల్టు నెమ్మదిగా తీసుకుంది, అద్దాలు చూసుకుంది, ముఖం మీది నవ్వుని ఎంత కష్టపడైనా సరే లోపలికి మింగేసుకుంది. తర్వాత దిగి, తల వంచుకుని, ఆయన వైపు చాలా మెల్లగా నడిచింది.